రొమ్ముపై చిన్న నౌక
(రష్యా జలాంతర్గామి నావికుల చిహ్నములు)

సముద్రగర్భమున సంచరించు నావికుని ముఖము లోకమునకు కనబడదు. అతడు చేయు యుద్ధము ఎవరి కంటను పడదు. ఒడ్డునకు వచ్చిన పిమ్మట అతడెవరో, అతని హోదా యేమో, అతడు ఎంతదూరము పోయి వచ్చెనో చెప్పునవి అతని దుస్తులపై నుండు కొన్ని చిహ్నములే. వానిని చదువుట నేర్చినవారికి ఒక పాత ఛాయాచిత్రము చిన్న చరిత్రగ్రంథమగును. నేర్వనివారికి అది బిళ్ళలు, గీతలు, నక్షత్రముల గుంపుగానే మిగిలిపోవును.

అట్టి ఛాయాచిత్రము నొకదానిని మనస్సున నిలుపుకొందము. నల్లని కోటు తొడిగిన ఒక సోవియట్ నౌకాధికారి నిలిచియున్నాడు. ఎడమ రొమ్మున పతకముల వరుస కలదు. కుడి రొమ్మున వెండిరంగు గల సన్నని పొడవాటి నౌక యొకటి, దాని నడుమ ఎర్ర నక్షత్రము. భుజములపై పట్టీలు, వానిమీద గీతలు, మరల నక్షత్రములు. చూచువారు సాధారణముగా మొదట నక్షత్రములను లెక్కింతురు. ఎన్ని యెక్కువ యున్న అంత పెద్ద అధికారి యని తలంతురు. ఇచ్చటనే తప్పటడుగు పడును. 1945వ సంవత్సరమున ఒక జలాంతర్గామి నాయకుని భుజముపై నుండిన ఒక్క నక్షత్రము మూడు నక్షత్రములాయెను. అది పదోన్నతి కాదు, శిక్ష. ఆ కథ తెలియవలెనన్న ముందుగా ఈ చిహ్నముల పుట్టుక కొంత తెలియవలెను.

రష్యా నౌకాదళమునకు చెప్పుకొనదగిన మొదటి యుద్ధ జలాంతర్గామి 'డెల్ఫిన్'. 1903లో అది సిద్ధమయ్యెను. మరుసటి యేడు, 1904లో, నేవా నదిపై నౌకా నిర్మాణశాల గోడ ప్రక్కనే అభ్యాసమునకై మునుగుచుండగా దానిలోనికి నీరు చొచ్చెను. లోపల నున్న 37 మందిలో 25 మంది మరణించిరి. శత్రువు లేడు, తుపాను లేదు. ఒడ్డు చేతికందునంత దూరమున నున్నది. ఈ క్రొత్త వృత్తి యెంత ప్రమాదకరమైనదో ఆనాడే అందరికి తెలిసివచ్చెను. 1906లో జార్ రెండవ నికొలాస్ చక్రవర్తి జలాంతర్గాములను ప్రత్యేక నౌకావర్గముగా గుర్తించుచు ఆజ్ఞ యొసగెను. నేటి పంచాంగము ప్రకారము ఆ దినము మార్చి 19. రష్యాలో నేటికిని జలాంతర్గామి నావికుల దినోత్సవము ఆనాడే జరుగును. ఆ సంవత్సరమే బాల్టిక్ తీరమున లిబావా రేవులో శిక్షణదళము నేర్పడెను. అచ్చట చదువు ముగించిన అధికారులకు 1909లో ఒక చిహ్నము మంజూరయ్యెను. లంగరు గొలుసు చుట్టుగా ఏర్పడిన కోడిగ్రుడ్డు ఆకారపు వలయము, లోపల లంగరు, దానిపై జలాంతర్గామి. రష్యా జలాంతర్గామి చిహ్నముల వంశమునకు ఇది మూలపురుషుడు. ఇది విద్యకు గుర్తు. ఈతడు ఈ శాస్త్రమును నేర్చినవాడు అని మాత్రమే అది చెప్పెడిది.

1917 విప్లవము పాత చిహ్నములను తుడిచివైచెను. అన్నింటికంటె ఎక్కువగా ద్వేషింపబడినవి బంగారు భుజపట్టీలు. అవి జారు ప్రభుత్వపు అధికారుల అహంకారమునకు గుర్తులుగా ఎంచబడినవి. బిరుదులు, హోదాలు రద్దయినవి. 1935లో అధికారుల హోదాలు మరల వచ్చినను, నావికాధికారులు వానిని చేతి అంచున కుట్టిన చారల ద్వారానే తెలుపుచుండిరి. ఇట్టి స్థితిలో, స్టాలిన్‌గ్రాడ్ సంగ్రామము ముగిసిన దినములలో, 1943 ఫిబ్రవరిలో నౌకాదళమున భుజపట్టీలు తిరిగి ప్రవేశపెట్టబడినవి. ఏ పట్టీలను తండ్రులు పీకిపారవైచిరో వానినే కుమారులు ధరించిరి. ప్రాణాపాయము వచ్చినపుడు ఆ దేశము తన పూర్వచరిత్రను మరల దగ్గరకు తీసికొనెనని దీనివలన తెలియుచున్నది. ఛాయాచిత్రము చూచువారికి దీనివలన మరొక ఉపకారము కలదు. సోవియట్ నావికాధికారి భుజముపై పట్టీ యున్నచో ఆ చిత్రము 1943కు ముందటిది కాదు.

ఇక ఆ పట్టీలను చదువు విధానము. ముందుగా చూడవలసినది నక్షత్రములను కాదు, పట్టీ పొడవునను సాగు రంగు గీతలను. ఒక్క గీత యున్నచో క్రింది శ్రేణి అధికారి. రెండు గీతలున్నచో పై శ్రేణి అధికారి. ఒక్క గీత గల పట్టీపై ఒక చిన్న నక్షత్రమున్న జూనియర్ లెఫ్టినెంట్, రెండున్న లెఫ్టినెంట్, మూడున్న సీనియర్ లెఫ్టినెంట్, నాలుగున్న కెప్టెన్-లెఫ్టినెంట్. అచ్చటితో ఒక మెట్టు ముగియును. రెండు గీతల పట్టీపై లెక్క మరల ఒకటినుండి మొదలగును. ఈమారు నక్షత్రము కొంచెము పెద్దది. ఒకటియున్న మూడవ శ్రేణి కెప్టెన్, రెండున్న రెండవ శ్రేణి కెప్టెన్, మూడున్న మొదటి శ్రేణి కెప్టెన్. ఆపైవారు అడ్మిరల్‌లు, వారి పట్టీలపై గీతలుండవు, అల్లికపని మీద పెద్ద నక్షత్రములుండును. బడిపిల్లవాడు ఒకటవ తరగతినుండి ఐదవ తరగతివరకు చదివి, పెద్దబడిలో మరల మొదటి ఫారములో చేరినట్లే ఇదియును.

ఇప్పుడు అలెగ్జాండర్ మారినెస్కో కథ చెప్పవచ్చును. ఆయన 'ఎస్-13' అను జలాంతర్గామికి నాయకుడు, మూడవ శ్రేణి కెప్టెన్. భుజముపై రెండు గీతలు, ఒక నక్షత్రము. 1945 జనవరి 30వ తేదీ రాత్రి బాల్టిక్ సముద్రమున ఆయన నౌక 'విల్‌హెల్మ్ గుస్ట్‌లోఫ్' అను జర్మన్ ఓడను ముంచెను. ఆ యోడలో జర్మన్ జలాంతర్గామి దళమున శిక్షణ పొందుచున్న నావికులు నుండిరి. అంతకంటె మిక్కిలి యెక్కువగా యుద్ధభూమినుండి పారిపోవుచున్న స్త్రీలు, పిల్లలు, వృద్ధులు నుండిరి. వేలకొలది జనము ఆ చల్లని నీటిలో మరణించిరి. సముద్రచరిత్రలో ఒక్క యోడ మునిగి ఇంత ప్రాణనష్టము కలిగిన సందర్భము మరొకటి లేదని చెప్పుదురు. పది దినముల తరువాత ఆయన 'స్టాయిబెన్' అను మరొక పెద్ద ఓడను గూడ ముంచెను. అయినను ఆయనకు సోవియట్ వీరుడను బిరుదము రాలేదు. మద్యపానము, క్రమశిక్షణోల్లంఘనము అను దోషములు మోపి 1945 సెప్టెంబరులో ఆయనను నాయకత్వమునుండి తొలగించి, హోదా తగ్గించి, సీనియర్ లెఫ్టినెంట్‌గా చేసిరి. రెండు గీతలు పోయి ఒక్క గీత మిగిలెను. ఒక నక్షత్రము పోయి మూడు వచ్చెను. కొద్ది నెలలలో నౌకాదళమునుండియే పంపివేసిరి. 1960లో ఆయన పూర్వపు హోదా తిరిగి ఇయ్యబడెను. మూడు నక్షత్రములు మరల ఒకటియాయెను. 1963లో ఆయన లెనిన్‌గ్రాడులో మరణించెను. వీరుడను బిరుదము ఆయన గతించిన 27 సంవత్సరములకు, 1990లో, ప్రకటింపబడెను. నక్షత్రములు మాత్రమే లెక్కించు చూపరికి ఈ జీవితమంతయు తలక్రిందుగా కనబడును.

భుజపట్టీ హోదాను చెప్పును, ఉద్యోగమును చెప్పదు. ఉద్యోగమును చెప్పునది కుడి రొమ్ముపై నున్న ఆ చిన్న నౌక. దానిపేరు 'జలాంతర్గామి నాయకుడు' అను చిహ్నము. 1942 జూన్ 12వ తేదీన, నౌకాదళ కమీసారగు నికొలాయ్ కుజ్నెత్సోవ్ ఉత్తరువుచే అది యేర్పడెను. ఆ కాలమును మరువరాదు. లెనిన్‌గ్రాడు నగరము ముట్టడిలో నున్నది. ఫిన్లండ్ సింధుశాఖ అంతయు మందుపాతరలతో నిండియున్నది. ఆ యుద్ధము ముగియునప్పటికి సోవియట్ దేశము నూటికి పైగా జలాంతర్గాములను కోల్పోయెను. జలాంతర్గామి పోయినదన్న దానిలోని జనము దాదాపు అందరును పోయిరనియే అర్థము. అట్టి తరుణమున, నీటి క్రింద ఒంటరిగా నిర్ణయము చేయవలసిన ఒక్క మనుష్యుని భారమును గుర్తించుటకు ఈ చిహ్నము పుట్టెను. రష్యా నావికులు దీనిని ముద్దుగా 'లోదచ్క' అందురు. చిన్న పడవ యని దాని యర్థము. ఎన్ని పతకములున్నను ఈ పడవ లేనివాడు నాయకత్వము నెరపినవాడు కాడని జలాంతర్గామి నావికులకు చూడగనే తెలియును. నాయకత్వము వదలి ఒడ్డున కూర్చుండు పదవికి పోయిన పిమ్మటను, ముసలితనమునను, దానిని ధరించు గౌరవము వారికి కలదు.

ఇతర దేశములతో పోల్చిన ఇందలి విశేషము తేటపడును. మన నౌకాదళమున జలాంతర్గామి శిక్షణ పూర్తిచేసి అర్హత పొందిన అధికారికి, నావికునికి గూడ రెండు డాల్ఫిన్‌ల చిహ్నము లభించును. వంటవాడైనను, యంత్రికుడైనను ఆ గుర్తు ధరించును. సోవియట్ దళమునందలి 'చిన్న పడవ' అట్టిది కాదు. అది ఒక్క నాయకునికే చెందినది. మొదటి పద్ధతి నౌకలోని వారందరు ఒక్క కుటుంబమని చెప్పును. రెండవది నౌకకు పూచీదారు ఒక్కడే యని చెప్పును. రెండును సత్యములే. చిహ్నమును గుర్తించువారు ఈ భేదమును మరచి, పడవబొమ్మ కనబడగనే 'జలాంతర్గామి నావికుని బిళ్ళ' యని వ్రాసినచో ఆ చిహ్నపు అర్థము చెడిపోవును.

చేసిన కార్యమును తెలుపు చిహ్నములు వేరు. యుద్ధమున అసాధారణ శౌర్యము చూపిన నౌకలకు 'గార్డ్స్' అను బిరుదము నిచ్చుచుండిరి. 1942 ఏప్రిల్ 3వ తేదీన ఉత్తర నౌకాదళపు జలాంతర్గాములు నాలుగు ఈ బిరుదమును పొందెను. ఆ నౌకలలోని సామాన్య నావికులు తమ టోపీకి నల్లని రిబ్బనుకు మారుగా నారింజ, నలుపు చారలు గల రిబ్బను ధరించుట ఆచారమయ్యెను. నౌకపై గోపురమున ఎర్ర నక్షత్రము చిత్రించి, దాని నడుమ ముంచిన శత్రునౌకల సంఖ్యను వ్రాసెడివారు. రేవు సమీపించునపుడు ఎన్ని నౌకలను ముంచిరో అన్ని ఫిరంగులు ప్రేల్చుట, ఒడ్డుననున్నవారు అన్ని పందిపిల్లలను కాల్చి విందు చేయుట ఉత్తర నౌకాదళపు వేడుక. యుద్ధానంతరము, 1960వ దశకమున, 'దీర్ఘయాత్ర' చిహ్నము వచ్చెను. జెండా, భూగోళము, వానిపై నౌక. జలాంతర్గామి నావికులకిచ్చు దానియందు ఆ నౌక జలాంతర్గామి రూపమున నుండును. ఇది నాయకునికి మాత్రమే కాక సామాన్య నావికునికి గూడ లభించును. రెండింటియందును జలాంతర్గామి బొమ్మ యుండుటచే క్రొత్తవారు వీనిని ఒకటిగా తలంచుట కద్దు. భూగోళమున్నచో యాత్ర, ఒంటరి నౌక, దాని నడుమ ఎర్ర నక్షత్రము నున్నచో నాయకత్వము.

సామాన్య నావికుని చేతిపై నల్లని గుండ్రని గుడ్డమీద ఎర్రని గుర్తు కుట్టియుండును. చుక్కాని చక్రమున్న చుక్కాని పట్టువాడు, పండ్ల చక్రమున్న యంత్రశాలవాడు. పనివేళల ధరించు చొక్కాయిపై కొన్ని అంకెలు మాత్రముండును. మొదటి అంకె అతడు నౌకలో నే విభాగమునకు చెందినవాడో తెలుపును. ఒకటవది మార్గనిర్ణయ విభాగము, మూడవది టార్పెడోల విభాగము, ఐదవది యంత్ర విద్యుద్విభాగము. పొగ నిండిన గదిలో పేరు పిలుచుటకు వ్యవధి లేనపుడు ఆ అంకెయే పేరు. అణుశక్తితో నడచు జలాంతర్గాములలో అధికారికి, నావికునికి గూడ ఒకే నీలపు నూలుదుస్తులు; జేబుపై రెండు రష్యన్ అక్షరములు. మన యుచ్చారణలో 'ఆర్. బి.' అనవచ్చును. భుజపట్టీలు, పతకములు, చిన్న పడవ అన్నియు ఒడ్డుననే నిలిచిపోవును.

2000వ సంవత్సరము ఆగస్టు 12వ తేదీన బారెంట్స్ సముద్రమున 'కూర్స్క్' అను జలాంతర్గామి మునిగి 118 మంది మరణించిరి. ప్రేలుళ్ళ తరువాత 23 మంది వెనుకనున్న తొమ్మిదవ గదికి చేరిరి. వారిలో నొకడు యంత్ర విభాగపు కెప్టెన్-లెఫ్టినెంట్ ద్మిత్రి కొలెస్నికోవ్. ఎందరు బ్రతికి ఆ గదికి చేరిరో ఆయన చీకటిలో కాగితముపై వ్రాసి తన దుస్తులలో దాచెను. అక్టోబరులో గజ ఈతగాండ్రు ఆయన కళేబరమును వెలికి తెచ్చినపుడు ఆ కాగితము దొరకెను. ఒడ్డున ఆయన భుజమున నుండు నాలుగు చిన్న నక్షత్రములకంటె ఆ కాగితమే ఆయనను మనకు స్పష్టముగా గుర్తుపట్టించుచున్నది.

ఇక కాలనిర్ణయము. దీనికి మంచి ఆధారము జెండా. 1935నుండి సోవియట్ నౌకాదళపు జెండా తెల్లనిది. దానిపై ఎర్ర నక్షత్రము, సుత్తీ కొడవలి, క్రింది అంచున నీలపు పట్టీ. 1992 జూలై 26వ తేదీన అది దిగి, పీటరు చక్రవర్తి కాలమునాటి సెయింట్ ఆండ్రూ జెండా మరల ఎగిరెను. అది తెల్లని గుడ్డపై మూలనుండి మూలకు సాగు నీలపు అడ్డగీతల జెండా. చిహ్నముపై నీలపు అడ్డగీతలున్నచో అది జారుల కాలపుదైన కావలెను, 1992 తరువాతిదైన కావలెను. సోవియట్ కాలపుది కానేరదు. అక్షరములును సాక్ష్యమిచ్చును. 'సి సి సి పి' వలె కనబడు నాలుగు అక్షరములను ఇంగ్లీషు చదివినవారు అట్లే పలుకుదురు. రష్యన్ లిపిలో అవి 'ఎస్ ఎస్ ఎస్ ఆర్'. సోవియట్ సోషలిస్టు గణతంత్ర సమాఖ్య యని అర్థము.

1991లో ఆ రాజ్యము విచ్ఛిన్నమైన పిమ్మట అంగడివీథులలో చిహ్నములు కుప్పలుగా అమ్ముడుపోయినవి. కరవుదినములలో వృద్ధ నావికులు అమ్ముకొన్నవి కొన్ని. నిన్న పోతపోసి నేడు పాతవాని వలె మాసిపోజేసినవి కొన్ని. నిజమైన పాత చిహ్నమునకు వెనుక సాధారణముగా మరచుట్ల కాడ, దానికి గుండ్రని బిగింపుబిళ్ళ యుండును. ఎర్రని ఎనామెల్ కొలిమిలో కాల్చినదైన గాజువలె మెరయును. రంగు పూసినదైన గోటితో గీకిన గుర్తుపడును. అయినను ఈ పరీక్షలు లోహమును గూర్చి చెప్పునే కాని మనుష్యుని గూర్చి చెప్పవు. ధరించినవాని పేరు, ఉత్తరువు పత్రము, ఛాయాచిత్రము తోడుగా నున్ననే బిళ్ళ చరిత్ర యగును. అవి విడిపోయిన పిమ్మట ఎంత విలువ పెట్టి కొన్నను చేతికి వచ్చునది లోహమే.

చిహ్నమునకుగల శక్తికి ఎల్ల యెక్కడనో తెలుపు ఘట్టము మరొకటి కలదు. 1962 అక్టోబరులో క్యూబా సంకటము నడుచుచుండగా నాలుగు సోవియట్ డీజిల్ జలాంతర్గాములు అట్లాంటిక్ దాటి పోయెను. వానిలో ఒక్కొక్కదాని యందు ఒక అణు టార్పెడో కలదు. అక్టోబరు 27వ తేదీన అమెరికా యుద్ధనౌకలు 'బి-59' అను దానిని చుట్టుముట్టి, పైకి రమ్మని హెచ్చరికగా చిన్న ప్రేలుడు గుండ్లను నీటిలో విడిచెను. లోపల వేడి 45 డిగ్రీలు దాటెను. గాలి చెడెను. మాస్కోతో సంబంధము లేదు. నాయకుడు వలెంతీన్ సవీత్స్కీ రెండవ శ్రేణి కెప్టెన్. నౌకలోనే యున్న దళాధికారి వసీలి ఆర్ఖీపోవ్ గూడ రెండవ శ్రేణి కెప్టెన్. ఇరువురి భుజములపైనను రెండు గీతలు, రెండు నక్షత్రములు నుండదగినవి. కాని ఆ వేడిలో ఎవరికిని భుజపట్టీలు లేవు, లోదుస్తులతోనే నుండిరి. నాయకుడు కోపావేశమున ఆ టార్పెడోను సిద్ధము చేయుమనెననియు, ఆర్ఖీపోవ్ శాంతపరచెననియు ఆ నౌకలోనే యుండిన వదీమ్ ఓర్లోవ్ అను అధికారి 2002లో లోకమునకు వెల్లడించెను. తుదకు నౌక పైకి వచ్చెను, యుద్ధము రాలేదు. ఆ దినమున ఒకరి మాట మరియొకరు వినుటకు కారణమైనది గుడ్డపై కుట్టిన నక్షత్రము కాదు. అట్టి కార్యమునకు చిహ్నము ఏ సేనలోను లేదు.

ఆ 'బి-59' ఏ తరగతి నౌకయో ఆ తరగతి నౌకను మనవారు విశాఖపట్టణమున తాకి చూడవచ్చును. మన మొదటి జలాంతర్గామి 'కల్వరి' 1967 డిసెంబరు 8వ తేదీన సోవియట్ దేశపు రీగా రేవులో మన దళమున చేరెను. దాని సోదరి 'కుర్సుర' 1969 డిసెంబరు 18వ తేదీన అచ్చటనే చేరెను. మన నావికులు ఆ మంచుదేశమున రష్యను భాష నేర్చి, రష్యను గురువులవద్ద ఈ విద్య నభ్యసించిరి. 2001లో విశ్రాంతి పొందిన 'కుర్సుర' 2002నుండి విశాఖ సముద్రతీరమున ప్రదర్శనశాలగా నిలిచియున్నది. దాని పొడవు 91 మీటర్లు. అందులో 75 మంది కాపురము.

ఈసారి పిల్లలను వెంటబెట్టుకొని ఆ నౌకలోనికి పోవువారు ఒక గదినుండి మరొక గదికి పోవు గుండ్రని ద్వారమువద్ద కొంచెము ఆగవలెను. ఆ ద్వారము దాటుటకు అడ్మిరల్ అయినను, వంటవాడైనను ఒకే విధముగా తలవంచి, కాలెత్తి, వంగి పోవలసినదే. అచ్చట నిలిచి పై కథలను స్మరించినచో, ఒడ్డున నున్నవారు ఆ మనుష్యులను గుర్తించుటకు ఇన్ని బిళ్ళలు, గీతలు, నక్షత్రములు ఎందుకు కావలసివచ్చెనో బోధపడగలదు.